పట్టుగుడ్డ లోంచి

కాలిమ్నోస్ దీవిలో మా బడి రేవుకి ఎంత దగ్గరంటే
సున్నపు గోడ మీది ఉప్పు పెచ్చుల్ని గోళ్లతో గిల్లేవాళ్లం.
ఆ రోజు థెమెలీనా టీచరు బాల్చీ మోసుకొచ్చింది.
బాల్చీలో బతికున్న స్పంజి,
నల్లగా, జిగటగా, కాలేయం ముక్కలా.
అంగట్లో తేనెరంగులో మెత్తగా అమ్మేది
దీని ఎముకలగూడేనని మాకు తెలుసు.
అయినా ముక్కులు మూసుకున్నాం.

"ఎవరింట్లోనైనా పాత పట్టుగుడ్డ ఉందా?"
నేను పరుగెత్తాను.
మామ్మ నల్ల తలగుడ్డ పట్టుకొచ్చాను, అడక్కుండా.
అందుకు తిన్న దెబ్బలు వేరే కథ.

స్పంజిని కత్తిరించి, గుడ్డలో మూటకట్టి,
పెరుగు మూట పిండినట్టు పిండింది టీచరు
గాజుగిన్నెలోని సముద్రపు నీళ్ల మీద.
నీళ్లలోకి పొగ దిగింది.
ఆ పొగలో ప్రతి రేణువూ ఒక కణం.

సూక్ష్మదర్శిని ఒక్కటే, మేం పందొమ్మిది మందిమి.
నా వంతొచ్చాక ఒక కన్ను మూశాను.
పలచని పొర. లోపల చిక్కటి ద్రవం.
నడుమ మసక చుక్క, కేంద్రకమట.
ఒకటి పాదం చాచింది, అసలు పాదమే లేనిది.
ఒళ్లంతా ఆ పాదంలోకి ఒలికించుకుని
జరిగింది.
ఇంకొకదానికి మెడచుట్టూ పట్టీ, పట్టీ మధ్య కొరడా.
నీళ్లు తోడ్డానికి కాలువ లేకపోయినా
ఊరికే కొట్టుకుంటోంది, అలవాటు మానలేక.

టీచరు ఇంకో చుక్క వేసింది, రేవు నీళ్లది.
అందులోనూ అదే పట్టీ, అదే కొరడా.
"ఇది దేన్నుంచీ ఊడిరాలేదు. పుట్టుకతోనే ఒంటరి.
తిండి తనే పట్టుకోవాలి, ఊపిరి తనే తీసుకోవాలి,
తన మురికి తనే గెంటుకోవాలి.
ఓ పూట రెండుగా చీలి పోతుంది.
అందులో ముసలిదెవరు? శవం ఏది?"
"పాతిపెట్టే ఖర్చుండదు," అన్నాడు వెనక బెంచీ పాంతెలిస్.

మర్నాటికి పొగ లేదు.
గిన్నె అడుగున ఆవగింజలంత ఉండలు.
మాకు చెప్పకుండా ఎర్ర స్పంజిని కూడా పిండి కలిపిందట టీచరు.
ఎర్రవి ఎర్రవాటితో, నల్లవి నల్లవాటితో.
కళ్లు లేవు, పేర్లు లేవు.
పొరకి పొర రాసుకుంటే చాలు,
మనవాళ్లో కాదో తెలిసిపోతుందట.

రోజూ నీళ్లు మార్చాం.
మూడో వారంలో ఒక ఉండ నెత్తిన సూదిమొనంత నోరు తెరుచుకుంది.
సిరా చుక్క వేస్తే పక్కల్నుంచి పీల్చి
పైనుంచి వదిలింది.
గుండె లేదు. వందల కొరడాలు, ఎవరి దెబ్బ వాళ్లది.

ఇంటికొచ్చి అడిగాను:
"సకెల్లారిస్ తాతా, నిన్నూ పట్టుగుడ్డలో పిండితే
కాళ్లతో సహా మళ్లీ కలుస్తావా?"

మామ్మ చేతిలో గరిట ఆగింది.
నలభై బారల లోతునుంచి తొందరపడి పైకొచ్చినవాడు,
నెత్తురు సోడాలా పొంగినవాడు,
ముప్పై ఏళ్లుగా ఆ కుర్చీలోనే ఉన్నవాడు
తొడ మీద వేళ్లతో తట్టాడు,
ఖాళీ ఇంటి తలుపు తట్టినట్టు.
"సముద్రం నన్నోసారి పిండేసింది రా.
అన్నీ తిరిగొచ్చాయి.
నడుం కిందికి కబురు మోసేవి మాత్రం రాలేదు."

నరాల కణం అన్నీ మరిచి ఒక్క పనే నేర్చిందని
తర్వాత టీచరు చెప్పింది.
పాకడం రాదు, చీలడం రాదు, కబురు మోయడం తప్ప.
గుంపులో బతకడానికి అది కట్టిన సుంకం.
తాతకి ఈ మాట చెప్పలేదు నేను.

గిన్నె తెచ్చి చూపించమన్నాడు.
కళ్లు మూసుకుని, చిటికెనవేలు ముంచి, తాకీ తాకనట్టు తాకాడు.
"కప్పాదికో జాతి," అన్నాడు. "పిల్లది.
కత్తి పడని చోట వదిలెయ్."

మామ్మ ఆ గుడ్డని మూడుసార్లు ఉతికింది.
ఆదివారం చర్చిలో పక్కన నిలబడితే ఇంకా కంపు.
క్షమించమన్నాను.
"నోర్ముయ్," అని గుసగుసలాడి
కొసని ముక్కు దగ్గరికి లాక్కుంది.
"మీ తాత పడవ దిగొచ్చే రోజుల్లో
ఇంట్లో ఇదే వాసన."